మూడు మీటర్ల అలలు

గోపాలసామి ఆ ఉదయం వేసుకున్న లెక్క చాలా చిన్నది. సేత్తూరు దారిలో, కొండ కింద ఆయన గుత్తకు తీసుకున్న మామిడి తోపులో కాయ ఇంకా నాలుగు రోజులు చెట్టు మీదుంటే మంచి ధర పలుకుతుంది. ఈలోపు కొండగాలి దిగితే అంతా నేలపాలు. ఏడాది కష్టమంతా ఆ కాడలకే వేలాడుతోంది కనుక, కాఫీ తాగుతూ ఫోన్‌లో గాలి కబురు చూశాడు.

"రేపు గంటకు అరవై కిలోమీటర్లు! సుగంధీ, మునిగినాము!"

భార్య సుగంధి కళ్లజోడు సర్దుకుని ఫోన్‌లోకి తొంగిచూసింది. "అలలు మూడు మీటర్లని కూడా ఉండాదే. రాజపాళయంలో అలలెక్కడివి?"

బేరంలో ఏనాడూ తడుముకోని మనిషి ఆయన. "చెరువులో లేస్తాయి. గాలి అంత పెద్దది."

"చెరువులో మోకాటి లోతు నీళ్లు లేవే?"

"నువ్వు సుమ్మా ఉండు. ఫోన్ కంటే నీకు ఎక్కువ తెలుసునా?"

ఎనిమిదింటికల్లా కోత మనుషులు చెట్లెక్కారు. పక్క తోపు వేలుసామి అది చూశాడు. గోపాలసామి లాభం లేనిదే తుమ్మడని అతని నమ్మకం. "ఏమన్నా, పచ్చికాయ దించుతా ఉండావు?" అని కేకేశాడు. గోపాలసామి ఆకాశం వైపు వేలు చూపించాడు.

మధ్యాహ్నానికి ఆ వేలు పన్నెండు తోపులు తిరిగింది. అద్దెకు నిచ్చెన దొరకలేదు, గోతాం దొరకలేదు. ఎవరో పెళ్లి పందిరి కూడా విప్పించారు. సాయంత్రానికి మండీలో పచ్చికాయ గుట్టలు పడి, ఊరగాయకైనా అడిగే దిక్కు లేకపోయింది. మొండివాడు నరసింహన్ ఒక్కడే కాయ దించలేదు. చివరికి అతనూ బెదిరి, మర్నాడు పొద్దున్నే రమ్మని కోత మనుషులను మాట్లాడుకున్నాడు.

గాలి ఎన్నింటికో కనుక్కుందామని అందరూ గోపాలసామి తిన్నె మీద చేరారు. మిల్లు ఆఫీసు నుంచి వచ్చిన కూతురు శివరంజని ఫోన్ అందుకుంది.

"నాయినా, ఇది మణప్పాడు గాలి! పోయిన నెల సముద్ర స్నానానికి పోయినప్పుడు నేనే ఆ ఊరు పెట్టినాను. నువ్వు మార్చనే లేదా?"

గోపాలసామి లెక్క వేసుకున్నాడు. నోరు మూసుకుంటే పరువు మిగులుతుంది, నరసింహన్ కాయ మాత్రం పోతుంది. ఎదుటివాడి నష్టం ఆయన తక్కెడలో బరువుగా తూగడం అదే మొదటిసారి.

"తప్పు నాదేనప్పా. అది సముద్రం ఒడ్డు గాలి. మనకు గాలి లేదు. నరసింహా, నీ మనుషుల్ని రావద్దని చెప్పు."

వేలుసామి తువ్వాలు నేలకేసి కొట్టాడు. "నీ వేలు చూసి మునిగినాము కదన్నా!"

నరసింహన్ పకపకా నవ్వాడు. "తిమింగలం కనబడితే చెప్పు మామా!" అని, అక్కడే ఫోన్ చేసి కోత మాన్పించాడు. సుగంధి మొగుడి ముందు చెంబుతో మంచినీళ్లు పెట్టి, "అలలు చూసి తాగండి" అంది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి, ఏ ఫోనూ చెప్పని గాలి కొండ దిగింది. అరగంట వీచి, చుట్టుపక్కల ఊళ్లలో చెట్టు మీదున్న కాయనంతా రాల్చి పోయింది. నరసింహన్ తోపులో అడుగు పెట్టే చోటు లేదు. దెబ్బ తగలని కాయ మండీలోనే ఉందని తెలిసి బేరగాళ్లు లారీలతో దిగారు.

నరసింహన్ రొప్పుతూ వచ్చాడు. "దించుకోబోతా ఉంటే ఆపినావే మామా! నేనేం ద్రోహం చేసినాను నీకు?"

వెనకే వేలుసామి అరటిగెలతో వచ్చాడు. "అన్నా, ముందు మమ్మల్ని కాపాడినావు. తర్వాత గాలి లేదని చెప్పి ఈ మొండోణ్ని ముంచినావు. ఇంత బుర్ర ఎవరికుండాది!"

"లేదప్పా, సత్తెంగా నాకేం తెలీదు!"

"చూడండి, ఎంత బాగా చెప్తా ఉండాడో!"

పరువు పోయినా సరేనని గోపాలసామి జీవితంలో చెప్పిన ఒకే ఒక్క నిజం, ఆయన ఆడిన అబద్ధాలన్నిట్లోకీ గొప్పదిగా పేరు తెచ్చుకుంది.