కోడి ఒక్కసారే వేడి చేయబడును

మిగిలిపోయిన రోస్ట్ చికెన్‌ని మించిన వరం ఈ లోకంలో లేదు! నవ్వకండి. ప్రభుత్వాలన్నీ లోటు బడ్జెట్‌తో తల పట్టుకుంటున్న ఈ రోజుల్లో, మా ఇంట్లో ప్రతి సోమవారమూ మిగులే.

ఆ ఘనత నాదే. ఆదివారం వస్తే చాలు, ఏప్రాన్ కట్టుకుని ఓవెన్ ముందు నిలబడి, నలుగురికి సరిపడా కోడిని రోస్ట్ చేస్తాను. తినేది ఒకటిన్నర మంది. ఆ ఒకరు నేను. ఆ సగం మా అబ్బాయి. ఫోన్ చూస్తూ వచ్చి, నిలబడే ఓ రెక్క పీక్కుని గదిలోకి పోతాడు. అమ్మాయి డైటింగ్‌లో ఉంది. ఆ డైటింగ్ కాసేపటికి పిజ్జా రూపంలో గుమ్మం దాకా వస్తుంది. మా ఆవిడ ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. సాయంత్రం షిఫ్టు ముగించుకుని ఏ అర్ధరాత్రో వచ్చేసరికి ఆవిడకి ఆకలి చచ్చిపోయి ఉంటుంది.

బాధపడ్డానా? ఛ! కోడి మిగలబట్టే కదా నాకింత చదువు అబ్బింది!

మా ఆవిడకి మా చుట్టాల కంటే సూక్ష్మజీవుల గురించే ఎక్కువ తెలుసు. ఒకసారి కోడిని బల్లమీదే వదిలేసి నిద్రపోయాను. పొద్దున్నే క్లాసు పీకింది. "రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలని ఎన్నిసార్లు చెప్పానండీ? మీరు వండింది మనకా, బాక్టీరియాకా?"

అప్పట్నుంచి బుద్ధిగా ఎముకల మీంచి మాంసం ఒలిచి, వెడల్పాటి డబ్బాల్లో పలచగా సర్దుతున్నాను. ఎముకలు సూప్‌కి. ముక్కలు ఓ రోజు శాండ్‌విచ్‌లోకి, ఓ రోజు ఫ్రైడ్ రైస్‌లోకి. మూడు రోజులు దాటితే చెత్తబుట్టలోకి. వేడి చేసేటప్పుడు గోరువెచ్చన పనికిరాదు, ముక్క మధ్యలో కూడా పొగలు కక్కాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒక్కసారే వేడి చేయాలి. వేడి చేశాక మిగిలినదాన్ని మళ్ళీ వేడి చేయకూడదు.

ఆ ఆఖరి సూత్రం దగ్గర నాలోని మేధావి నిద్ర లేచాడు. ఒక్కసారే వేడి చేయాలంటే ఒక్కసారే తినాలిగా? ఒక్కసారే తినాలంటే అందరూ ఒక్కచోట కూర్చోవాలిగా?

ఫ్రిజ్ తలుపు మీద నోటీసు అంటించాను. "ఆరోగ్య భద్రతా కారణముల రీత్యా, కోడి రాత్రి ఎనిమిది గంటలకు ఒక్కసారి మాత్రమే వేడి చేయబడును. ఆలస్యముగా వచ్చువారి ఆకలికి వారే బాధ్యులు."

ఇన్నేళ్ళుగా పత్రికలో కాలమ్ రాస్తున్నాను. నా రాత చదివి ఒక్కడంటే ఒక్కడు కుర్చీలోంచి లేచిన పాపాన పోలేదు. ఈ నోటీసు చదివి మాత్రం ఇద్దరు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు! ఏదో బాధితుల్లా మొహాలు పెట్టుకునే అనుకోండి. అయితేనేం? మా అబ్బాయి ఉద్యోగం మారాడన్న సంగతి ఫ్రైడ్ రైస్ తింటుండగా నాకు తెలిసింది. మారి నెల దాటిందట! వాడి ప్లేట్లో ఇంకో గరిటె వడ్డించాను. సంతోషం వల్లో, సిగ్గు వల్లో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మొన్న బుధవారం నా బండారం బయటపడింది.

"నాన్నా, నేను నెట్‌లో చూశాను," అంది అమ్మాయి. "ఎవరికి కావాల్సినంత వాళ్ళు తీసుకుని, విడివిడిగా వేడి చేసుకోవచ్చట. డబ్బా మొత్తం ఒకేసారి చెయ్యక్కర్లేదట. నీకు ముందే తెలుసు కదూ?"

తెలుసు. తెలిసే అంటించాను.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ తలుపు తీసుకుని వచ్చింది. ఎనిమిదింటికి ఆవిడ ఇంట్లో ఉండటం నేను చూసి ఎన్నాళ్ళయిందో! భుజం మీది బ్యాగ్ కూడా దించనివ్వకుండా పిల్లలిద్దరూ మీద పడ్డారు. "అమ్మా, నువ్వు చెప్పు. విడివిడిగా వేడి చేస్తే ఏమన్నా అవుతుందా?"

ఆవిడ నా వంక చూసింది. బల్లమీది మూడు ప్లేట్ల వంక చూసింది.

"అమ్మో, విడివిడిగానా? చాలా డేంజర్ తల్లీ!" అంటూ కుర్చీ లాక్కుంది. "షిఫ్టు మార్పించుకొచ్చాను. నాకూ ఓ ప్లేటు పెట్టండి."