పదకొండు ఇళ్ల మైల

ఉదయం ఏడింటికి కోడలు వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. కుర్చీలు ఎనిమిదింటికి వస్తాయి, పూలు తొమ్మిదింటికి, కర్టెన్లు తనే మారుస్తుంది. మర్నాడు పదింటికి కూతురి నిశ్చితార్థం. పెళ్లికొడుకు ఓడలో ఇంజనీరు. ఎల్లుండి ఓడెక్కితే మళ్లీ తొమ్మిది నెలలకు గాని నేల మీద కాలు పెట్టడు. రేపు తప్పితే ఇక వచ్చే ఏడే. అందుకే ఆమె పోస్టాఫీసులో రెండు రోజులు సెలవు పెట్టి మరీ జాబితా రాసుకుంది. ఆ జాబితాలో ఎవరూ చచ్చిపోవడం లేదు.

ఏడుంపావుకి ఫోన్ మోగింది. తీసింది అత్తగారు. అవతల వంటమనిషి.

"అమ్మగారూ, ఈ పది రోజులూ నేను రాలేనండి. మా పెదమామగారు నిన్న పొద్దున్నే పోయారు. తొంభై దాటాయిలెండి. సాయంత్రానికే అన్నీ అయిపోయాయి."

అత్తగారు "అయ్యో" అన్నారు. ఫోన్ పెట్టేసి, పూజగదిలో దీపం కోసం తీసిన అగ్గిపుల్లను తిరిగి పెట్టెలో పెట్టేశారు. "అందరూ లేచి తలస్నానాలు చెయ్యండి. మనకి మైల. పది రోజులు," అని ప్రకటించారు.

వంటమనిషి పెదమామగారు పోతే ఈ ఇంటికి మైలేమిటో తెలియాలంటే ఆరు నెలలు వెనక్కి వెళ్లాలి. అత్తగారు మనవాళ్ల చేతి వంట తప్ప ముట్టరు. ఆ నియమం కింద అప్పటికే ముగ్గురు వంటవాళ్లు వచ్చిన దారినే పోయారు. నాలుగో ఆవిడ వచ్చిన రోజు కోడలు ఒక కాలికి చెప్పు తొడుక్కుని గుమ్మంలో ఉంది.

"మనవాళ్లేనా?" అని అడిగారు అత్తగారు.

"మనవాళ్లే అత్తయ్యా."

"గోత్రం?"

సందు చివర బస్సు హారన్ కొడుతోంది. ఆ తొందరలో కోడలి నోటికి వచ్చిన గోత్రం ఒక్కటే. "మనదే," అనేసి రెండో చెప్పు తొడుక్కుంది.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ అతుక్కుంది. అత్తగారు వంటింటి గుమ్మంలో పీట వేసుకుని ఆరా తీశారు. "మీ మామగారి తాతగారు ఎక్కడివారమ్మా?" "ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారటండి," అని ఆవిడ ఉన్నమాటే చెప్పింది. అత్తగారి అత్తింటివైపు పూర్వం ఒకాయన ఉండేవాడు. భోజనాల దగ్గర తన విస్తట్లో ఆఖర్న వడ్డించారని అలిగి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. అత్తగారికి ఇప్పుడు తెలిసిపోయింది. వారం తిరిగేసరికి నోటు పుస్తకంలో వంశవృక్షం వేసి, అలిగిన ఆయన కింద ఓ గీత గీసి, ఆ గీత చివర వంటమనిషి మొగుణ్ణి వేలాడదీశారు. అప్పట్లో అది చూసి కోడలు నవ్వుకుంది కూడా.

ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ వంటింట్లో గుసగుసలాడుకున్నారు.

"నిజం చెప్పెయ్," అన్నాడు భర్త.

"మీ అమ్మే కదా, మీరు చెప్పండి."

"అబద్ధమాడింది నువ్వు."

"ఆరు నెలలూ లొట్టలేసుకుంటూ తిన్నది మీరు."

అతను తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్లిపోయాడు.

వీళ్లు తేల్చుకునేలోపు అత్తగారు ఫోన్లు మొదలుపెట్టారు. జ్ఞాతులకు కబురు చెప్పకపోతే పాపం కదా. తొమ్మిదయ్యేసరికి పదకొండు ఇళ్లవాళ్లు తలలు తడుపుకున్నారు. వరసకు మరిది ఒకాయన కొత్తింటి గృహప్రవేశం వాయిదా వేశాడు. మరొకాయన ఆఫీసుకు సెలవు పెట్టేశాడు. జలుబుతో ఉన్న ఓ పెద్దాయన చన్నీళ్లు పోసుకుని, తుమ్ముతూ ఫోన్ చేసి, "ఇంతకీ పోయినాయన మనకేమవుతాడొదినా?" అని అడిగాడు. ఆవిడ వరస విడమరిచి చెప్పాక కాసేపు ఏడ్చాడు. పురోహితుడు తన డైరీలో రేపటి ముహూర్తం కొట్టేశాడు.

కూతురు తడిజుట్టుతో మెట్ల మీద కూర్చుంది. "నానమ్మా, ఆయన్ని మనమెప్పుడైనా చూశామా?"

"చూడనంత మాత్రాన రక్తసంబంధం పోతుందా?"

పిల్ల పెళ్లికొడుక్కి ఫోన్లో ఏదో రాయబోయి చెరిపేసింది. మళ్లీ రాసి, మళ్లీ చెరిపేసింది. కోడలు అది చూసింది. తన నోటి తొందరకి పిల్ల సంబంధం బలైపోతోంది. ఉద్యోగం చేసే ఆడది అత్తగారికి భయపడటమేమిటని తనను తానే తిట్టుకుని, "అత్తయ్యా, మీతో ఒక మాట," అంది. అప్పుడే గేటు చప్పుడైంది.

గేటు దగ్గర వంటమనిషి, ఆమె పక్కన కర్ర పట్టుకుని ఆమె అత్త.

"ఇలాంటి కబురు ఫోన్లో చెప్పి ఊరుకుంటే ఎలాగమ్మా? అయినవాళ్లకి మనిషి వెళ్లి చెప్పాలి," అంది ముసలావిడ. "మనవాళ్లేనని మా కోడలు చెప్పబట్టి గాని, లేకపోతే పరాయివాళ్లింట్లో దాన్ని మెతుకు ముట్టనిస్తానా?"

అత్తగారికి ఈ పట్టింపు తెగ నచ్చింది. "లోపలికి రండి. ఇద్దరం మైలలోనే ఉన్నాం కదా, తప్పులేదు," అని వరండాలో బల్ల మీద పక్కనే కూర్చోబెట్టుకుని, నోటు పుస్తకం తెప్పించారు. "మీ పెద్దాయన భోజనాల దగ్గర అలిగి వచ్చేశాడు కదా?"

"అలగడమేమిటి? మగ్గం భుజానేసుకుని పని వెతుక్కుంటూ వచ్చాడు. మీ మగ్గాలెక్కడున్నాయి?"

"మాకు మగ్గాలేమిటి? మావాళ్లు వేదం చెప్పుకున్నవాళ్లు."

"మావాళ్లు నేతగాళ్లు."

అత్తలిద్దరూ తలలు తిప్పి ఎవరి కోడలి వైపు వాళ్లు చూశారు. కోడళ్లిద్దరూ నేల చూశారు.

"నేను మీకేమీ అబద్ధం చెప్పలేదండి. మీరెప్పుడూ నన్ను కులం అడగలేదు," అంది వంటమనిషి. తర్వాత తన అత్త వైపు తిరిగింది. "నీకే అబద్ధం చెప్పాల్సొచ్చిందత్తా. పొద్దున్నుంచీ వండుతూ, మధ్యాహ్నం దాకా ఆకలికి ఆగలేను మరి."

"ఆరు నెలలు మీ ఇంట్లో తింది," అంది ముసలావిడ.

"ఆరు నెలలు మీ కోడలు వండింది తిన్నాను," అన్నారు అత్తగారు.

ఎవరికి ఎక్కువ నష్టం జరిగిందో ఇద్దరికీ తేలలేదు. అయినా ఎవరూ బల్ల మీంచి లేవలేదు.

"అయితే మాకు మైల లేనట్టే?" అన్నారు చివరికి అత్తగారు.

"మీకెందుకుంటుంది? పోయింది మా బావగారు."

మైల లేదంటే రేపు నిశ్చితార్థం జరుగుతుంది. కాని లేదని పదకొండు ఇళ్లకు చెప్పాలి. ఎందుకు లేదో కూడా చెప్పాలి. పరాయి చేతి మంచినీళ్లయినా ముట్టదని యాభై ఏళ్లుగా ఆవిడకు పేరు. ఆ పేరు ఆవిడకున్న ఏకైక ఆభరణం. కొడుకు అది గ్రహించి, "పది రోజులాగి ఏదో ఒకటి చూద్దాంలే అమ్మా," అన్నాడు మెల్లగా. ఆవిడ మెట్ల మీద మనవరాలిని చూశారు. పిల్ల ఇంకా ఫోన్లో రాసింది చెరుపుతూనే ఉంది.

అత్తగారు పురోహితుడికి ఫోన్ కలిపారు. "రేపు పదింటికి రండి. పోయినాయన మావాడు కాడు. మా వంటమనిషి మన కులం కాదు. ఆరు నెలలుగా ఆవిడ వంటే తింటున్నాను. నాకేమైందా? రెండు కిలోలు పెరిగాను."

ఆ తర్వాత పదకొండు ఇళ్లకూ అదే మాట. మొదటి ఫోను రెండుసార్లు కలిపి పెట్టేశారు. అయిదో ఫోనుకి దర్జా వచ్చింది. తుమ్ములాయన, "మరి నేనేడ్చిన ఏడుపో?" అని నిలదీస్తే, "ఎవరికోసం ఏడ్చినా పుణ్యమేలే నాయనా," అని పెట్టేశారు. మనవరాలు వచ్చి వెనకనుంచి ఆవిణ్ణి వాటేసుకుంది. మడి, తాకకు అని ఆవిడ అనలేదు. కోడలు కొంగుతో కళ్లొత్తుకుంది.

"పదకొండో రోజు మీ కోడల్ని పంపిస్తారు కదా?" అని అడిగారు అత్తగారు, కాస్త బెంగగానే.

ముసలావిడ కర్ర అందుకుని లేచింది. "వండటానికి పంపిస్తాను. మీ ఇంట్లో తినే సంగతి మాత్రం మావాళ్లని అడిగి చెప్తాను."

అలాంటి మాట అవతలివాళ్లను అనడమే గాని, పడటం అత్తగారికి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. తలూపారు.

మర్నాడు నిశ్చితార్థం అనుకున్న వేళకే జరిగింది. వంటమనిషి మైలలో ఉంది కాబట్టి వంట కోడలే చేసింది. కులం, గోత్రం, మడి అన్నీ నిక్కచ్చిగా కుదిరిన ఆ కూరను రెండోసారి వడ్డించమని ఎవరూ అడగలేదు.