సర్వరు చీటీలో నా నంబరు

ఇలా దగ్గరికి జరగండి, ఒక మంచి మాట చెబుతాను. ప్రోగ్రాముకు చెప్పాల్సిన సంగతులు ప్రోగ్రాములో రాయకుండా పక్కన వేరే చీటీలో పెట్టడమంత గొప్ప పని లోకంలో మరొకటి లేదు!

నేను మూడో తరగతితో ఆపేసిన దాన్ని. నాకెలా తెలుసంటారా? మా మనవరాలు కంటి ఆసుపత్రికి సర్వరు ప్రోగ్రాము రాసింది. రోగులకు ఆపరేషను తేదీ మెసేజీ పంపడం దాని పని. ఎవరికి పంపాలి, ఎప్పుడు పంపాలి అన్నది సెట్టింగులనే చీటీలో ఉంటుందట.

"అమ్మమ్మా, పరీక్షకి మెసేజీలన్నీ నీ నంబరుకే పంపమని రాసుకోనా? రెండ్రోజులే!"

"రాసుకోవే. నా ఫోను ఎలాగూ ఈగలు తోలుకుంటోంది."

పరీక్ష అయింది, ఆసుపత్రిలో అసలు పని మొదలైంది. చీటీలో ఆ ఒక్క వరస కొట్టేయడం మరిచారు.

అప్పట్నుంచి నా వైభోగం చూడాలి! ఎవరి కుడికన్ను ఎప్పుడో, ఎవరి ఎడమకన్ను ఎప్పుడో అన్నీ నాకే తెలుసు. మా కింద అంతస్తులో ఉండే దర్జీ వదిన తలుపు నేనే తట్టాను.

"రేపు తొమ్మిదింటికి నీ ఎడమకన్ను వదినా. ఏమీ తినకుండా వెళ్లు."

"నీకెవరు చెప్పారు?"

"సర్వరు!"

మెట్లెక్కీ దిగీ మోకాళ్లు అరిగాయా? వ్యాయామం కదండీ!

మనవరాలిని అడిగితే, "ప్రోగ్రాములో తప్పేం లేదమ్మమ్మా, తప్పు చీటీలో ఉంది" అంది. సర్వరు చూసే అతను, "చీటీ రాసింది నేను కాదు మామ్మగారూ, కాపలా మాత్రమే నాది" అన్నాడు. ఎవరి మీదా మచ్చ లేదు! ఎంత చల్లని ఏర్పాటు!

చివరికి చీటీ దిద్దారు. అయినా మెసేజీలు నాకే! ప్రోగ్రాము నిద్ర లేచినప్పుడు ఒక్కసారే చీటీ చదువుతుందట. మళ్లీ చదవాలంటే దాన్ని ఆపి లేపాలి. "జనం వాడుతుంటే ఎలా ఆపుతాం? ఆదివారం దాకా ఓపిక పట్టండి" అన్నాడు మేనేజరు.

నా కంట్లోనూ శుక్లం ఉంది లెండి. ఎనిమిది నెలలుగా నా వంతు కోసం చూస్తున్నాను. శుక్రవారం ఆపరేషనని మెసేజీ వచ్చింది. ఇంతమంది రోగుల్లో మెసేజీ సరిగ్గా అందింది నా ఒక్కదానికే!

కానీ అరవై మెసేజీల మధ్య, ఈ మసక కంటికి అది ఆనలేదు. నాలుగో అంతస్తులో ఉండే తాపీమేస్త్రికి కబురు చెప్పడానికి పరుగెత్తాను. నా మెసేజీ మాత్రం శనివారం చూసుకున్నాను, తేదీ దాటిపోయాక.

ఆసుపత్రికి వెళ్లి, "మళ్లీ ఎప్పుడమ్మా?" అని అడిగాను.

"మెసేజీ వస్తుంది మామ్మగారూ" అంది కౌంటరు అమ్మాయి.

అందుకని, పరీక్షకు పెట్టిన నంబరు పని కాగానే తీసేయాలని గుర్తుంచుకోండి, పదిమందికీ చెప్పండి. నోటితోనే చెప్పండి నాయనా. మెసేజీ పెడితే అదీ నాకే వస్తుంది.