గంగాధర్ మిషన్లో చుక్కలు

"ఉగ్రవాదం కేసులో నలుగుతున్న ఓ కుటుంబం కన్నీటిని సర్కారు ఖర్చుతో డాక్యుమెంటరీగా తీయిస్తున్న మొట్టమొదటి ప్రభుత్వం మనదే!" అని మంత్రి చంద్రరావుగారు తుని సభలో ప్రకటించారు. కేసు పెట్టిందీ మన ప్రభుత్వమే కాబట్టి కన్నీటి కోసం వేరేచోట వెతుక్కోవలసిన పని లేకపోయింది.

ఆ కన్నీటి సొంతదారు ఉప్పాడ నాగదుర్గ. ఆమె మొగుడు గంగాధర్ పడవను ఓ ఉత్సాహవంతుడైన పోలీసు అధికారి సోదా చేస్తే, జీపీఎస్ మిషన్లో నడిసముద్రాన చుక్కలు కనిపించాయి. "ఏంటివి?" అన్నాడు. గంగాధర్ నోరు మెదపలేదు. చేప పడే చోటు తోడబుట్టినవాడికైనా చెప్పకపోవడం ఆ వాడ ఆచారం. పెళ్ళానికి ఒక్కదానికే చెప్పుకున్నాడు. ఇంత మౌనంగా ఉన్నవాడు మహా కుట్రదారుడే అయివుంటాడని అధికారిగారు ఇట్టే పసిగట్టారు. అప్పటినుంచి గంగాధర్ జైల్లోనూ, నాగదుర్గ బెయిలు కోసం కోర్టు వరండాలోనూ ఉంటున్నారు.

దర్శకుడు మురళీకృష్ణ దయగల మనిషి. గ్లిజరిన్ ముట్టనని ముందే చెప్పాడు.

"సముద్రం వైపు చూసి ఏడవండమ్మా."

"సముద్రం ఏం చేసింది బాబూ? ఆయన్ని పట్టుకుపోయింది పోలీసులు కదండీ?"

"వాళ్ళు ఫ్రేములోకి రారండి, పర్మిషన్ లేదు. పోనీ, ఆ చుక్కలేంటో చెప్పండి. జడ్జిగారు చూశారంటే మీ ఆయన ఇంటికొచ్చేసినట్టే."

జైలు ములాఖత్‌లో ఆమె అడిగితే గంగాధర్ తల అడ్డంగా ఊపాడు. "వద్దే. చెప్పేస్తే రేపు పిల్లలేం తింటారు?"

నాగదుర్గకు ఒళ్ళు మండింది. "చోటు పోతే ఇంకోటి వెతుక్కుంటావు. నువ్వు పోతే నేనెక్కడ వెతకను మావా?" అని వచ్చేసి, నీళ్ళ అడుగున రాళ్ళెక్కడున్నాయో, వంజరం ఏ చుక్క దగ్గర మూగుతుందో కెమెరా ముందు అంతా చెప్పేసింది. మురళీకృష్ణ కళాహృదయం పొంగి, చుక్కల అక్షాంశ రేఖాంశాలన్నీ తెరమీద పెద్ద అంకెలతో వేయించాడు.

రాజమండ్రిలో ప్రదర్శన చూసి మంత్రిగారు కండువా తడిసేలా ఏడ్చారు. పక్కనే ఉన్న ఆయన బావమరిది, మరబోట్ల యజమాని సురేష్‌బాబుగారు ఏడవలేదు. శ్రద్ధగా తెరను ఫోన్లో ఫోటో తీసుకున్నారు. తెల్లారేసరికి ఆయన బోట్లన్నీ సముద్రం మీదికి బయల్దేరాయి. బాధిత కుటుంబానికి సంఘీభావమని పేపర్లో వచ్చింది.

జడ్జిగారూ సినిమా చూశారు. మనసు కరిగి, చుక్కల దగ్గర చేపలున్నాయో లేదో చూసి రమ్మని ఓ నిపుణుల కమిటీని వేశారు. ఆ కమిటీ ఏ బోటులో వెళ్ళాలో, టిఫిను ఎవరు పెట్టాలో తేల్చుకునేసరికి వారాలు గడిచాయి. చివరికి వెళ్ళి వలలు వేసి లాగారు. "చేప కాదు కదా, పొలుసు కూడా లేదు. చేపల చోట్లన్నది కట్టుకథ" అని రిపోర్టిచ్చారు. దాంతో జడ్జిగారు బెయిలు పిటిషన్ కొట్టేశారు.

నాగదుర్గ పరుగున సురేష్‌బాబుగారి ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఐసులో నిలవపెట్టిన వంజరాలు లారీలకెక్కుతున్నాయి.

"ఇవి మా ఆయన చుక్కల దగ్గరే పడ్డాయని జడ్జిగారితో ఒక్క మాట చెప్పండి బాబూ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

సురేష్‌బాబుగారు చాలా నొచ్చుకున్నారు.

"అదేంటమ్మా! వేటోళ్ళ ఇంట్లో పుట్టినదానివి, నీకు తెలీదా? చేప పడ్డ చోటు ఎవరైనా బయటికి చెబుతారా?"