రిజిస్టరులో పెళ్ళికొడుకు

శుక్రవారం పొద్దున వెర్నా స్టకీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు కౌంటీ కోర్టు ఆఫీసు తెరవగానే వెళ్ళి తన పెళ్ళి కాగితం నకలు తీయించుకోవాలి. పన్నెండు కొట్టేలోగా దాన్ని వంశచరిత్ర సంఘం కార్యదర్శి మాక్సీన్ ప్రూయిట్ చేతిలో పెట్టాలి. ఆ తర్వాత ఇంటికొచ్చి, పీచ్ పళ్ళు పాకం పట్టి సీసాలకెత్తుకోవాలి.

ఇండియానాలో ఆ మూలనున్న కౌంటీకి మొట్టమొదట వచ్చి అడవి నరికి స్థిరపడ్డ కుటుంబాల వారసులకు ఆ సంఘం ఏటా ఒక పత్రం ఇస్తుంది. సాయంత్రం సంత మైదానంలో వేదిక మీదికి పిలిచి, బ్యాండు వాయించి మరీ ఇస్తుంది. దాని కోసం వెర్నా ఐదేళ్ళుగా కోర్టు నేలమాళిగలో దుమ్ము పీలుస్తోంది. ఆమె ముత్తాతకు తాత హెజెకయా లూమిస్ అక్కడ ఒక పుస్తకంలో దొరికాడు. అడవిలోకి మేతకు వదిలిన పందులు ఎవరివో తెలియడానికి వాటి చెవులకు గాట్లు పెట్టి, ఆ గుర్తులను నమోదు చేసుకునే పుస్తకమది. "లూమిస్, ఎడమ చెవికి చీలిక, కుడి చెవికి రెండు గాట్లు" అన్న ముక్క చదివినప్పుడు ఆమెకు పోయిన తాత ఎదురుగా వచ్చి కూర్చున్నట్టే అనిపించింది. ఆ రోజు రాత్రి భోజనంలో మొగుడికి పందుల చెవుల గురించి తప్ప మరో మాట చెప్పలేదు.

మాక్సీన్ మాత్రం దరఖాస్తును రెండేళ్ళు వరసగా తిప్పి పంపింది. మొదటిసారి ఒకచోట లూమిస్‌ను లమ్మస్ అని రాశారని. రెండోసారి ఇంటి బైబిల్లో రాసుకున్న పుట్టుకలన్నీ ఒకే రంగు సిరాలో ఉన్నాయని. "ఒకే సీసా సిరాతో నాలుగు తరాలు పుట్టవు వెర్నా" అంది. "కాగితం చెప్పిందే నిజం. నోటిమాట చెల్లదు."

ఈసారి అన్నీ కుదిరాయి. లూమిస్ వారి ఆడపిల్ల స్టకీ ఎలా అయిందో చూపించే పెళ్ళి కాగితం ఒక్కటే తక్కువ. గోడకు తగిలించిన చర్చివాళ్ళ పూల పత్రం పనికిరాదని మాక్సీన్ ముందే చెప్పేసింది.

కౌంటర్లో జనెల్ అనే అమ్మాయి నలభై ఒక్కేళ్ళ నాటి రిజిస్టరు తెచ్చి పేజీ విప్పింది. వేలుతో వరస వెంట వెళ్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"వెర్నా గారూ, మీ ఆయన పేరేంటన్నారు?"

"డెల్బర్ట్."

"ఇక్కడ మీరు పెళ్ళి చేసుకున్నది ఆర్విల్ ప్రూయిట్‌ని కదండీ!"

ఈ మాట ఆ పిల్ల గట్టిగానే అంది. వెర్నా కళ్ళజోడు సర్దుకుని చూసింది. పెళ్ళికొడుకు: ఆర్విల్ ప్రూయిట్. సాక్షి: డెల్బర్ట్ స్టకీ. పెళ్ళి చేసిన పాదిరిగారు ఆ రోజు తన కళ్ళజోడు మీదే కూర్చుని విరగ్గొట్టుకున్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళికొడుకు పక్కన తోడుగా నిలబడ్డ ప్రాణస్నేహితుణ్ణి ఆయన పై గీత మీద రాసేశాడు. పాదిరిగారు పోయి పాతికేళ్ళయింది. ఆర్విల్ వీళ్ళ పెళ్ళయిన మూడేళ్ళకు తనూ పెళ్ళి చేసుకున్నాడు. ఎవర్నో కాదు, మాక్సీన్‌నే.

వెనకాల కుక్క లైసెన్సు కోసం నిలబడ్డ దాణా కొట్టు లైల్, కుక్క సంగతి మరిచిపోయి మెల్లగా బయటికి జారుకున్నాడు.

వెర్నా నకలు చేతపట్టుకుని దాణా కొట్టుకే ఫోను చేసింది. డెల్బర్ట్ ఆ పూట అక్కడే కాఫీ తాగుతూ ఉంటాడు.

"ఇప్పుడే వెళ్ళాడమ్మా" అన్నాడు లైల్. "కోర్టులో నీకూ ఆర్విల్‌కీ పెళ్ళయిపోయిందని చెప్పాను. కాఫీ సగంలో వదిలేసి ట్రక్కు ఎక్కాడు."

"ఇవాళ కాదయ్యా! నలభై ఒక్కేళ్ళ కిందట!"

"ఆ ముక్క నేను వినలేదు" అన్నాడు లైల్. "అయితే మరీ దారుణం కదా!"

వెర్నా కారు ఎప్పుడూ పోనంత వేగంగా పోయింది. ప్రూయిట్ వాళ్ళ షెడ్డు ముందు డెల్బర్ట్ ట్రక్కు తలుపు తెరిచే ఉంది. లోపల ఇద్దరూ బోర్లించిన బకెట్ల మీద ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఆమె తలుపు దగ్గరే నిలిచిపోయింది.

"ఎన్నాళ్ళనుంచిరా ఇది?" డెల్బర్ట్ గొంతు బొంగురుపోయింది.

"రెండేళ్ళయిందిరా" అన్నాడు ఆర్విల్ తల దించుకుని. "చెబుదామనే అనుకున్నా. మొహం చెల్లలేదు."

"రెండేళ్ళా! మాక్సీన్‌కి తెలుసా?"

"తెలీకేం? ఇచ్చేసి రమ్మని రోజూ పోరుతోంది. ఈ స్థితిలో తీసుకొచ్చి నీ గుమ్మంలో ఎలా దింపను చెప్పు?"

"ఏ స్థితిలో?"

"మొదట్లో బాగానే ఉండేది. ఈ మధ్య మరీ చప్పుడు. కాస్త వేడెక్కిందంటే ఇక ఎంత బతిమాలినా దారికి రాదు."

డెల్బర్ట్ నిట్టూర్చాడు. "ఆ సంగతి నాకు నలభై ఏళ్ళుగా తెలుసు."

"పాతదైపోయింది కదరా. ఊరుకో, కొత్తది కొనిస్తా."

డెల్బర్ట్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "నాకు కొత్తది వద్దు! నాదే నాకు కావాలి!"

తలుపు దగ్గర వెర్నాకు కోపమూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ముందు కోపమే బయటికొచ్చింది.

"ఎవరు పాతదైపోయింది? ఎవరికి చప్పుడెక్కువ?"

ఆర్విల్ బిత్తరపోయి లేచి, మూలనున్న పరదా లాగాడు. కింద డెల్బర్ట్ దగ్గర అరువు తెచ్చుకున్న గుంటలు తవ్వే మిషన్ పళ్ళు ఊడి పడుంది. "దీని సంగతే కదా మాట్లాడుకుంటున్నాం?"

మొగుడూ పెళ్ళాలు ఆ మిషన్ వంక చాలాసేపు చూశారు. తర్వాత వెర్నా చేతిలోని నకలు చూపించింది. డెల్బర్ట్ రెండుసార్లు చదివి, ఆర్విల్‌ని మళ్ళీ ఎగాదిగా చూశాడు. సరిగ్గా అప్పుడే మాక్సీన్ ఇంట్లోంచి వచ్చింది.

"పదకొండు దాటింది వెర్నా. కాగితం తెచ్చావా, లేదా?"

"తెచ్చాను."

మాక్సీన్ మెడలోని భూతద్దం తీసి మొదట ముద్ర చూసింది, సంతకం చూసింది, సంతృప్తిగా తల ఊపింది. అప్పుడు పేర్లు చదివింది.

"ఇది తప్పు."

"కౌంటీ ముద్ర ఉంది" అంది వెర్నా. "సిరా కూడా ఒకే రంగు కాదు. కాగితం చెప్పిందే నిజమన్నావు కదా మాక్సీన్. మరి ముప్పై ఎనిమిదేళ్ళుగా నా మొగుణ్ణి నీ ఇంట్లో ఎందుకు పెట్టుకున్నావు?"

మాక్సీన్ మొహంలో రంగు పోయింది. ప్రూయిట్ అన్న పేరు మీద ఆమె హాల్లో తొమ్మిది పత్రాలు వేలాడుతున్నాయి. ఇప్పుడా పేరే ఆమెది కాకుండా పోయేట్టుంది. ఆర్విల్ మాత్రం ఇద్దరు పెళ్ళాలున్న మనిషిలా కాస్త నిటారుగా నిలబడ్డాడు. మాక్సీన్ ఒక్క చూపు చూసేసరికి మళ్ళీ వంగాడు.

"పదండి కోర్టుకి" అందామె. "నలుగురమూ."

డెల్బర్ట్ ట్రక్కులో ముందు సీట్లో ముగ్గురే పట్టారు. ఆర్విల్ వెనక మిషన్‌తో పాటు కూర్చున్నాడు.

సవరణకు జడ్జిగారి సంతకం కావాలి, మూడు వారాలు పడుతుందని జనెల్ చెప్పింది. గోడ గడియారంలో పన్నెండుకు ఇంకా పది నిమిషాలుంది. వెర్నా దాని వంక చూసింది. ఐదేళ్ళు గుర్తొచ్చాయి, నేలమాళిగ దుమ్ము గుర్తొచ్చింది.

మాక్సీన్ ఆ మొహం చూసింది. కాసేపు భూతద్దాన్ని వేళ్ళ మధ్య తిప్పింది. దాన్ని సంచిలో పడేసి, దరఖాస్తు లాక్కుని, "స్వయంగా ఎరిగిన వారి నోటిమాట మీద ఆమోదించడమైనది" అని రాసి సంతకం పెట్టింది.

"నీ పెళ్ళిలో కేకు కోసింది నేనే" అంది మొహం తిప్పుకుని. "ఎవడు పెళ్ళికొడుకో నాకు తెలీదా? సాయంత్రం ఆరింటికల్లా వేదిక దగ్గరుండు. ఆలస్యం చేశావో, వచ్చే ఏడాదే."

వెర్నా ఆ గట్టి మనిషిని ఒక్కసారి కావలించుకుంది. మాక్సీన్ తప్పించుకోవడానికి చూసింది గాని, పెద్దగా చూడలేదు.

ఇక సవరణ ఫారం మిగిలింది. "నేను నా ఇష్టపూర్వకంగా, పూర్తి తెలివిలో, కింద పేర్కొన్న వ్యక్తినే వివాహమాడితిని" అన్న వాక్యం కింద డెల్బర్ట్ చదవకుండానే సంతకం గీకేసి కలం భార్యకిచ్చాడు. వెర్నా ఆ వాక్యాన్ని నిదానంగా చదివింది. తర్వాత మొగుడి వంక చూసింది. మళ్ళీ చదివింది.

"జనెల్, ఆలోచించుకోడానికి ఎన్ని రోజులు గడువిస్తారమ్మా?"

డెల్బర్ట్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

జనెల్ ఫారాన్ని రెండు వైపులా తిప్పి చూసి, అందుకు గడి లేదని చెప్పింది.