రక్తానికి జరిగిన రాజమర్యాద

మళ్లీ జన్మంటూ ఉంటే మనిషిగా మాత్రం పుట్టకండి. రక్తం శాంపిల్‌గా పుట్టండి. అనుభవం మీద చెబుతున్నాను!

మా అన్నయ్యకు స్కిజోఫ్రెనియా. పన్నెండేళ్లుగా ఆయన చెవిలో ఎవరెవరో మాట్లాడుతుంటారు. మాత్ర వేసుకుంటే వాళ్లు నోరు మూసుకుంటారు. ఈమధ్య ఆసుపత్రిలో పరిశోధకులు ఆయన రక్తం అడిగారు. ఈ జబ్బున్నవాళ్లలో ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎంతుందో, దాన్ని ఎదుర్కొనే యాంటీఆక్సిడెంట్లు ఎన్ని మిగిలాయో చూస్తారట. ఇనుముకు తుప్పు పట్టినట్టు ఒంట్లో కణాలకూ పడుతుందని నా బుర్రకెక్కేలా చెప్పారు. మంచి పనే. కాదంటే కళ్లు పోతాయి.

పరగడుపున రమ్మన్నారు, వెళ్లాం. రెండు గంటలు కారిడార్లో గోడకు ఆనుకుని నిలబడ్డాం. ఉన్న ఒక్క కుర్చీలో ఫైళ్లు కూర్చున్నాయి. చివరికి పిలిచి ఐదు మిల్లీలీటర్లు తీశారు. ఆ క్షణం నుంచి మా ఇంటి రక్తం దశ తిరిగింది!

వెలుతురు తగలకుండా దానికి రేకు చుట్టారు. ఐసు మీద పడుకోబెట్టారు. టెక్నీషియన్ నిండుకుండ మోస్తున్నట్టు మెట్లు దిగాడు. కింద మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్, దానికో జనరేటర్, అది మొరాయిస్తే ఇంకోటి. ఫ్రీజర్ ఆగితే నలుగురి ఫోన్లు మోగుతాయట. ఆమధ్య అన్నయ్య మూడు రోజులు కనిపించకుండా పోయినప్పుడు మోగింది నా ఒక్కడి ఫోనే.

ఐదు మిల్లీలీటర్లకే ఇంత భోగమైతే, మనిషిని మొత్తంగా ట్యూబుల్లో నింపితే ఎంత సుఖం? ఈ మాట అంటే అమ్మ గరిటె ఎత్తింది.

ఆ రోజు తిరిగొస్తూ ఆసుపత్రి మందుల కౌంటర్ దగ్గర ఆగాం. "స్టాక్ లేదు, వచ్చే వారం రండి" అన్నారు. వచ్చే వారమూ అదే పాట. బయట షాపులన్నీ తిరిగాను, ఎక్కడా ఆ మాత్ర లేదు. బదులుగా వేరే మాత్ర రాసే డాక్టరు సెలవులో ఉన్నాడు. ఇంట్లో ఉన్న చివరి మాత్రా అయిపోయింది. మాత్ర ఆగిన పదో రోజుకు అన్నయ్య, ఎవరో చూస్తున్నారంటూ కిటికీలకు దుప్పట్లు కట్టాడు. నాకు భయమేసింది.

అప్పుడే పరిశోధకుడు ఫోన్ చేశాడు.

"రెండో శాంపిల్‌కి తీసుకురండి. మాత్ర ఒక్కపూట కూడా మానకుండా చూడండి. మానితే మా లెక్కలు పాడవుతాయి."

"మీ కౌంటర్లోనే లేదండీ."

"అది మా డిపార్ట్‌మెంట్ కాదండీ. పోనీ, పరిశోధనలోంచి ఆయన పేరు తీసేస్తాం లెండి. మొదటి శాంపిల్ భద్రంగానే ఉంది, కంగారు పడకండి."

ఫోన్ పెట్టేశాను. దుప్పట్లు కట్టిన గదిలోంచి అన్నయ్య అడిగాడు.

"ఎవర్రా?"

"ఆసుపత్రి వాళ్లు. నీ రక్తం భద్రంగా ఉందట."

"దాన్ని ఉండనీరా. నా మాత్ర ఎప్పుడు తెస్తావు?"