ఒట్టి గడ్డి తినే ఆవు

ఆ ఉదయం మౌనంగారి పథకం చాలా చిన్నది: గడ్డి తూచాలి, ఆవులు తేన్చిన గ్యాసు కొలవాలి, మధ్యాహ్నం షెడ్డులో కూర్చుని భోంచేయాలి. పశువుల మేత పరిశోధన కేంద్రంలో ఆయన సహాయకుడు. నోరు విప్పరు గనక తోటివాళ్లు ఆ పేరు పెట్టారు. నిజానికి మాటలు రాక కాదు, భార్య పోయాక వినేవాళ్లు లేక.

వినేది ఒక్క నాలుగో నంబరు ఆవే. గడ్డి ఆవు పెద్దపొట్టలో పులిసినప్పుడు గ్యాసు పుడుతుంది. ఓ కంపెనీవారి పొడి మేతలో కలిపితే అది తగ్గుతుందా అన్నది అక్కడి పరిశోధన. మిగతా ఆవులకు గడ్డీ పొడీ. పోలిక కోసం నాలుగో నంబరుకు ఒట్టి గడ్డి. అది పక్క తొట్లలోకి మెడ చాచి చూస్తుంటే ఆయన ప్రాణం ఉసూరుమనేది. పైగా ఆయన చెయ్యి ఇంకా ఇద్దరికే వండుతోంది. మిగిలిన రొట్టె, ఉడికించిన బంగాళాదుంపలు తిరిగి ఇంటికి మోసుకెళ్లడమంత దిగులు మరొకటి లేదు. అందుకని రోజూ సగం డబ్బా ఆయనది, సగం ఆవుది. "ఏమ్మా, ఉప్పు తగ్గిందా?" అంటే అది తల ఊపేది. ఈగలు తోలుకోవడానికే ఊపేదనుకోండి, అయినా ఊపేది కదా!

ఆ రోజు లెక్కలు చూసిన డైరెక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పొడి తిన్నవాటికన్నా తిననిదానికి గ్యాసు తక్కువా? బస్తాలు తారుమారు చేశావా?" అని మేత బస్తాల స్టోరు చూసే బాబాయి మీద విరుచుకుపడ్డారు.

"నా పిల్లల మీద ఒట్టు మేడం, నేను బస్తా ముట్టుకోలేదు!"

మౌనంగారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. చెప్పేస్తే బాబాయి బతికిపోతాడు. కానీ రేపటినుంచి ఎవరితో తినాలి?

అనుమానం తీరేదాకా ఆవును విడిగా కట్టించి, కొత్త తొట్టి పెట్టించారు. మర్నాడు గ్యాసు మరీ తగ్గింది. తగ్గదూ మరి? ఆవు పొట్టలో దుంపలు పులిస్తే గడ్డి పులిసినంత గ్యాసు రాదు. చోటు మారి ఆవు బెంగపెట్టుకుంటుందని ఈయన తన వాటా కూడా దానికే పెట్టేశారు.

అంతలో కంపెనీ మనిషి ఊడిపడ్డాడు.

"ఇది పోటీ కంపెనీవాళ్ల పనే! ఏదో కొత్త పొడి దొంగతనంగా వేస్తున్నారు. ఆవును మా ఫారానికి తీసుకెళ్లి కాపలా పెడతాం."

"కాపలా ఎవరికండీ, ఆవుకా?" అన్నాడు బాబాయి, తన మీద అనుమానం పోయిన హుషారులో.

లారీ వచ్చింది. ఆవు లారీకి ఆనించిన చెక్క మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగి చూసింది. మౌనంగారు ఇక ఆగలేకపోయారు.

"ఆ పొడి నాది మేడం."

"మీదా? ఏ కంపెనీ?"

"కంపెనీ కాదండీ, బంగాళాదుంపలు. ఒక్కణ్ణే తినలేక దానికీ పెడుతున్నాను. కావాలంటే నన్ను పంపించేయండి, దాన్ని మాత్రం ఉంచండి."

"కట్టుకథ!" అంటూ కంపెనీ మనిషి ఆయన భోజనం డబ్బాలోంచి ఓ దుంప తీసి ఆవు మూతి దగ్గర పెట్టాడు. అది మొహం తిప్పుకుంది. డైరెక్టరమ్మ పెట్టినా ముట్టలేదు. బాబాయి బతిమాలినా లాభం లేకపోయింది. చివరికి మౌనంగారు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, తనొక ముక్క కొరికి, "రావమ్మా, అందరూ చూస్తున్నారని సిగ్గా?" అన్నారు. అది డబ్బా మూత కూడా నాకేసింది.

ఎవరూ నవ్వలేదు. డైరెక్టరమ్మ గిరుక్కున తిరిగి తన గదిలోకి వెళ్లిపోయారు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నారు మౌనంగారు.

సాయంత్రం కాగితం అందింది. ఆవు ఇక్కడే ఉంటుంది, ప్రయోగం మళ్లీ మొదటినుంచి. ఈసారి దుంపల ప్రభావం కూడా చూస్తారు. ఇంకొకరి చేత్తో తినదు గనక, నాలుగో నంబరుకు ఆయనే రోజూ దుంపలు తూచి, పక్కన కూర్చుని, తనూ తింటూ, మాట్లాడుతూ పెట్టాలి. సెలవు రోజుల్లో కూడా. సెలవు రోజులంటేనే ఆయనకు భయం. ఆ మాట దగ్గరికొచ్చేసరికి కళ్లు చెమర్చాయి.

తోడుతో భోంచేయవలసిందిగా రాతపూర్వకంగా ఉత్తర్వు అందుకున్న ఉద్యోగి ఆ కేంద్రంలో నేటికీ ఆయనొక్కరే.